నీలం టబ్బు కింద మోక్షం

మా ఇంట్లో నా మాటకు సగం విలువే. జూరాల గేట్లు ఎత్తిన రోజున ఒక మొసలి రోడ్డెక్కి, నా బండికి అడ్డం నిలబడి, గద్వాలదాకా లిఫ్టు అడిగిందని ఒకసారి చెప్పాను. అప్పటినుంచి నేను వాన పడుతోందన్నా మా అక్క చెయ్యి బయటికి చాపి చూసుకుంటుంది. ఇప్పుడు చెప్పబోయేదాన్ని మీరూ అలాగే చెయ్యి చాపి చూసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మొసలి సంగతి మాత్రం నిజం.

పోయిన వానాకాలం, పత్తి మోకాలెత్తు వచ్చిన రోజుల్లో, మా బావ చనిపోయాడు. ధరూరు పక్క పల్లెలో వాళ్ళ ఇల్లు. నాది వనపర్తిలో చిన్న విత్తనాల దుకాణం. దుకాణంలో కన్నా బావ బండి వెనక సీటు మీద నేను ఎక్కువ కాలం గడిపాను.

బావకు నిలకడ లేదు. ఈ మాట అక్కది. ఆమె అన్నం కంచం తీసేలోపు ఆయన బండి స్టార్టయ్యేది. సైలెన్సర్ ఎప్పుడో పగిలిన బండి అది. ఆయన కిక్కు కొడితే వీధిలో కోళ్ళు దాచుకున్న గుడ్లన్నీ ఒక్కసారే పెట్టేసేవి. ఇంత హడావిడి దేనికంటే, జీవుడి కోసం. జీవుడు ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు పోతాడు, రాయి చెట్టవుతుందా, చెట్టు పక్షి అవుతుందా, మనిషి అయ్యాక పైన ఇంకేముంది, అన్నిటికీ మించి తానిప్పుడు ఎక్కడున్నాడు, ఇదే ఆయన పరేషాన్. కనబడ్డవాళ్ళందరినీ అడిగేవాడు. ఒకసారి వేరుశనగ చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళను కూడా అడిగాడు. అందులో ఒకామె తల కూడా ఎత్తకుండా, "నువ్వు గట్టు మీద ఉన్నవ్ పటేలా, జర కిందికి దిగి కలుపు తియ్యి" అంది.

ఖిల్లా ఘణపూర్‌లో అచలం బోధించే ఒక పెద్దాయన ఉన్నాడని తెలిసి అక్కడికి తీసుకుపోయాడు నన్ను. పెద్దాయన అరుగు మీద కూర్చుని శనక్కాయలు వొలుచుకుంటున్నాడు. బావ కాళ్ళకు మొక్కి, ఊపిరి కూడా తీసుకోకుండా అడిగాడు.

"అయ్యా, నేను ఏ మెట్టు మీద ఉన్న?"

"ఎక్కేటోడు ఉంటె గద మెట్లు. నేను, నాది అనుకునే ఈ ఎరుకంత ఒగ కల. తెలివయితె మిగిలేది బయలే, ఉత్త ఖాళీ. బయలుకు మెట్లుంటయా?"

"మరి సచ్చినోడు యాడికి పోతడు?"

"కలల చూసిన ఊరికి బస్సు యాడ దొరుకుతది?" అని పెద్దాయన నా చేతిలో గుప్పెడు శనక్కాయలు పోశాడు. నేను ఆ రోజే ఆయన శిష్యుణ్ణయిపోయాను. బావ కాలేదు. తిరిగి వస్తుంటే కోట గుట్ట కింద బండి ఆపి పైకి చూస్తూ నిలబడ్డాడు.

"బామ్మర్దీ, మెట్లు లేవంటడేంది? గీ ఖిల్లాకు గూడ ఉన్నయ్ గద!"

గద్వాలలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. పగలంతా రాగి తీగ చుడతాడు, గురువారం సాయంత్రాలు దర్గాలో కూర్చుంటాడు. ఆయన దగ్గర మెట్ల లెక్క స్పష్టంగా ఉంది.

"నాలుగు మంజిళ్ళు అన్నా. నాసూత్ అంటె గిదే, మనం తినేది, తాగేది, కొట్లాడేది. మీద మలకూత్, గది ఫరిష్తాలది, అంటె దేవదూతలది. దాని మీద జబరూత్, గాడ దేవుని తాకత్ తప్ప ఇంకేం కనవడదు. ఆఖరుకు లాహూత్. గాడికి పోయినోడు మల్ల అడ్రస్ చెప్పడు."

"మరి నేను యాడున్న?"

భాయ్ తీగ చుట్టడం ఆపలేదు. "మీ మోటరు ఈ ఎండకాలమే రెండుసార్లు కాలింది. నాసూత్‌లనే ఉన్నరు, శక్ లేదు."

ఆ జవాబు బావకు భలే నచ్చింది. కనీసం ఒక మెట్టు పేరు తెలిసిందని దారంతా ఈలేశాడు. ఇంటికొచ్చాక రెండో మెట్టు కోసం మళ్ళీ ఒళ్ళంతా దురద మొదలైంది.

ఆ తర్వాత గుండె నొప్పి వచ్చింది. వనపర్తి దవాఖానాలో డాక్టరు ఇంట్లో ఉండమన్నాడు. ఇంట్లో ఉండమంటే బావకు ఉరిశిక్ష వేసినట్టే. సరిగ్గా అప్పుడే దవాఖానా బెంచీ మీద పక్కన కూర్చున్న ఎవరో, అమ్రాబాద్ అడవి వైపు ఒక ముసలామె ఉందని, మొహం చూసి దాటొచ్చిన జన్మలన్నీ చెబుతుందని, ఆయన చెవిలో వేశాడు. అంతే, మందులు పక్కకు పోయాయి. అక్క బండి తాళంచెవి తీసి జొన్నల డబ్బాలో అడుగున దాచింది.

ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను.

"తాళంచెవి యాడ పెట్టినవే?"

"తెల్వదు."

"జర ఇయ్యవే. అమ్రాబాద్ దాంక పోయి వస్త."

"ఏమున్నది గాడ?"

"పోతె గద తెలిసేది."

"నీకు ఈడ నిలకడ లేదు, యాడ లేదు. సచ్చినంక గూడ గిట్లనే తిరుక్కుంట ఉంటవ్, సూడు!"

బావ పకపకా నవ్వాడు. "నీ నోట్ల చక్కెర పొయ్య" అని ముందు గదిలో చాప పరుచుకుని పడుకున్నాడు. అక్క చాయ్ పట్టుకుని వెళ్ళి లేపితే లేవలేదు.

అక్క పెద్దగా ఏడవలేదు. నడిచింది. గడప నుంచి ముందు గదికి, గది నుంచి గడపకు. చుట్టాలు కూర్చోమంటే కూర్చుని, వాళ్ళు తల తిప్పగానే లేచేది. దూరంగా రోడ్డు మీద ఏ బండి చప్పుడు వినబడినా గేటు దాకా వెళ్ళి చూసి వచ్చేది. దినాలు దగ్గరికొస్తుండగా పెరట్లో నన్నొక్కణ్ణే పట్టుకుంది.

"తమ్మీ, నా నోరు తాకింది రా ఆయనకు."

"ఏం తాకింది అక్కా? ఏ ఆడమనిషి మొగుణ్ణి తిట్టదు?"

"తిట్టిన రోజే ఎవలు సస్తరు? తిరుగుతవ్ అన్న. గదే ఆఖరు మాట. ఇప్పుడు ఏ మెట్టూ దొర్కక నడిమిట్ల తిరుగుతుంటె, గది నా పాపం కాదా?"

కథలు అల్లడం నా పని. ఆ పూట మాత్రం బిందె తీసుకుని నీళ్ళకు పోయాను.

మా వైపు ఒక ఆచారం ఉంది. మనిషి ఊపిరి వదిలిన చోట అలికి, పక్కన దీపం పెట్టి, జల్లెడ పట్టిన పిండి పలచగా పరిచి, పైన గంప బోర్లిస్తారు. తెల్లారి పెద్దలు గంప ఎత్తి చూస్తారు. పక్షి కాలు పడితే పక్షి జన్మ ఎత్తినట్టు, సన్నని గీత పడితే పాము, మనిషి పాదంలాంటిది పడితే మళ్ళీ మనిషి. పోయినవాడు ఏ మెట్టుకు చేరాడో పిండి చెబుతుంది. దశదినం నాడు అక్క తనే జొన్నపిండి జల్లించి, చాప పరిచిన చోటే పరిచింది. బట్టలు నానబెట్టే పెద్ద నీలం ప్లాస్టిక్ టబ్బు తెచ్చి బోర్లించింది.

మర్నాడు పొద్దున అందరూ చేరారు. ఘణపూర్ పెద్దాయన వచ్చాడు, గద్వాల భాయ్ వచ్చాడు, వీధి వీధంతా వచ్చింది. మా పెద్దమ్మ కొడుకు టబ్బు ఎత్తాడు.

ఏమీ లేదు. పిండి ఎలా పరిచారో అలాగే ఉంది. గాలి ఊదినంత గుర్తు కూడా లేదు.

 అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"అడుగు వడలేదంటె ఇంకా యాడికి పోలేదన్నట్టు" అన్నాడు పెద్దమ్మ కొడుకు.

"బయలైండు. బయలుకు కాళ్ళుంటయా, అడుగు వడనీకి?" అన్నాడు ఘణపూర్ పెద్దాయన సంతోషంగా.

"సీదా లాహూత్!" అన్నాడు భాయ్, కళ్ళు తుడుచుకుంటూ. "మోటరు కాలినోడు గంత దూరం పోతడనుకోలే."

తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను ఏదో ఒకటి చెబుతానని జనానికి ఆశ. అక్క వేలెత్తింది. "నువ్వు నోరు తెరవకు."

తెరవలేదు. ఆమె మాత్రం ఆ తెల్లటి పిండిని చూసి, పెద్దాయన మాటా వినలేదు, భాయ్ మాటా వినలేదు. తను అన్న మాటే వింది. ఏ మెట్టూ దొరకలేదు, తిరుగుతున్నాడు. అందరూ భోజనాలు చేసి వెళ్ళాక కూడా ఆమె నడక ఆగలేదు. రాత్రిళ్ళు పడుకోవడం లేదని పక్కింటావిడ ఫోన్ చేసి చెప్పేది. నాకు దుకాణంలో కాలు నిలవలేదు. ఆముదాలు అడిగినవాడికి కందులు తూచాను. రెండు రోజులకొకసారి ధరూరు బస్సెక్కేవాణ్ణి. వెళ్ళి చేసేదేమీ లేదు. ఆమె నడిస్తే నేనూ వెనక నడిచేవాణ్ణి. ఇద్దరం కలిసి ఆ ఇంటి నేలను అరగదీశాం. సిమెంటు గచ్చు అంతటా దారి పడి, వాన వస్తే అందులో నీళ్ళు పారేవి. సరే, పారేవి కావు. నిలిచేవి.

అలా నడుస్తుండగా ఒకరోజు పెరట్లో నీలం టబ్బు కనబడింది. బోర్లించి ఆరబెట్టారు. ఊరికే దాన్ని ఎత్తబోయాను. తడి గచ్చుకు అతుక్కుపోయి చప్పున రాలేదు. గట్టిగా లాగితే ముద్దు పెట్టినట్టు శబ్దం చేసి వచ్చింది. అంచు అంతా నేలకు అంటుకుని ఉంది. చీమ దూరే సందు లేదు.

 తిన్నగా పక్కింటికి పోయాను.

"వదినా, మీ అత్తకు ఏం అడుగు వడ్డది?"

"పిచ్చుక కాలు. నా కండ్లతోని చూసిన."

"మీద ఏం పెట్టిన్రు?"

"ఇంకేం పెడ్తరు? గంప."

"మరి మీ మామకు?"

"ఏం వడలే. గప్పుడు గంప యాడిది? టబ్బే."

వీధి మొత్తం తిరిగాను. గంపల కాలంలో పోయినవాళ్ళు పిచ్చుకలయ్యారు, బల్లులయ్యారు, చీమలయ్యారు, ఒకాయన తేలు కూడా అయ్యాడట, బతికుండగా అందరూ అనుకున్నట్టే. టబ్బుల కాలంలో పోయినవాళ్ళలో ఒక్కరికీ అడుగు లేదు. తాగి భార్యను తన్నినవాడికి లేదు, గట్టు జరిపినవాడికీ లేదు. అందరికీ ఏకంగా మోక్షమే. ఘణపూర్ పెద్దాయన జీవితమంతా బోధించి సాధించలేనిది, మా ఊళ్ళో ప్లాస్టిక్ సాధించింది.

ఇది అక్కకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె నడక ఆగింది.

"అంటె ఆయన వచ్చినా లోపలికి దారి లేకుండె?"

నేను తలూపాను.

"ఇంటికొచ్చినోనికి తలుపేసిన నేను." ఆమె లోపలికి పోయి, జొన్నల డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. "గంప తే. ఎదురుబద్దలది. గాయిన బండి మీదనే పో."

పెద్దమ్మ కొడుకు అడ్డం వచ్చాడు. "పిండి రెండుసార్లు పెడ్తరా ఎవలన్న?"

"మొదటిసారి పెట్టలేదనుకో. నీకేం కష్టం? పిండి నాది, మొగుడు నావోడు."

బండి తీశాను. కిక్కు కొట్టగానే కోళ్ళు అరిచాయి. గద్వాల బజారులో రంగురంగుల టబ్బులు తాటిచెట్లంత ఎత్తున పేర్చి ఉన్నాయి. గంప అడిగితే దుకాణదారు నన్ను వింతగా చూశాడు. "గంప ఏంటికన్నా? గీ జాలీ బుట్ట తీస్కో, సందులే సందులు" అని ప్లాస్టిక్ బుట్ట చూపించాడు. అక్కకు ఫోన్ చేశాను. "ఆయన బొక్కల టబ్బుల దూరుతడా?" అని పెట్టేసింది.

బీచుపల్లి వంతెన మీద కృష్ణ నిండుగా పోతోంది. అక్కడ బండి వెనక భాగం కాస్త కిందికి దిగింది, ఎవరో ఎక్కినట్టు. తిరిగి చూడలేదు. మొసలి అయితే మాట కలపాల్సి వస్తుంది. వనపర్తిలో బుట్టలల్లే ఇంటికి పోతే ఆ ఇంటాయన ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. తన తండ్రి అల్లిన బుట్ట కోసం ఇల్లంతా వెతికి, అడుగు ఊడిపోయినదాన్ని తెచ్చి చూపించి, సిగ్గుపడి దాచేశాడు. నాగర్‌కర్నూల్‌లో అడిగితే, వెదురు కావాలంటే పైకి పో, అమ్రాబాద్ దిక్కు పో అన్నారు. పోయాను. బావకు దొరకని తాళంచెవితో, బావ బండి మీద, బావ పోవాలనుకున్న దారిలోనే పోతున్నానని అచ్చంపేట దాటేదాకా నాకు తట్టలేదు. తట్టాక బండి ఆపాను. ఆపితే ఇంకా భయమేసింది. మళ్ళీ కిక్కు కొట్టాను.

అమ్రాబాద్‌లో రోడ్డు పక్క రేకుల పంచ కింద ఒక ముసలామె బద్దలు చీలుస్తూ కనిపించింది. ముందు బావ సంగతే అడిగాను.

"అవ్వా, మొహం చూసి దాటొచ్చిన జన్మలు చెప్పే ఆమె ఈడెవరన్న ఉన్నరా?"

"గట్ల చెప్పేటోల్లుంటె నేను బుట్టలు ఏంటికి అల్లుత నాయనా? నా జన్మల సంగతి నేనే పోయి అడుగుతుంటి." కత్తి పక్కన పెట్టింది. "ఏం కావాలె?"

"గంప."

"దగ్గరగ అల్లన్నా, ఎడంగ అల్లన్నా?"

"లోపలికి వచ్చేందుకు దారుండాలె."

"ఏం రావాలె? కోడిపిల్లలా?"

"మా బావ."

ఆమె నవ్వలేదు. ఒక లావు బద్ద తీసి పక్కన పెట్టి, సన్నవి ఏరుకుంది. అంచు దగ్గరికి వచ్చేసరికి బద్దలను వేలితో కాస్త ఎడం చేసింది. "మొగ మనిషి గద. భుజాలు వట్టాలె."

ఆ గంపను వెనక సీటుకు కట్టుకుని ధరూరు చేరాను. అక్క మళ్ళీ అలికింది, మళ్ళీ జల్లించింది, మళ్ళీ పరిచింది. గంప బోర్లించి నన్ను బయటికి నెట్టింది.

"నేను గూడ చూస్త అక్కా."

"నీ వేళ్ళ సంగతి నాకు తెలుసు. ఏనుగు అడుగు ఏసి కూసుంటవ్. బయట పండుకో." తలుపు గొళ్ళెం పడింది.

తెల్లారి మళ్ళీ జనం. ఈసారి అక్కే గంప ఎత్తింది.

పిండి మీద ఖాళీ అన్నది లేదు. చీమల బారులు అటూ ఇటూ పోయాయి. బల్లి నాలుగు కాళ్ళూ తోకా ఈడ్చుకుంటూ ఒక చుట్టు తిరిగింది. చిట్టెలుక వచ్చి, తిని, మనసు మార్చుకుని వెనక్కి పోయింది. ఏదో మిడత దూకిన చోటల్లా గుంటలు. ఒక మూల ఏ పురుగో దొర్లినట్టు మెలికలు తిరిగిన గీత.

"గిన్ని అడుగులా? ఒక్క మనిషికి?" అన్నాడు పెద్దమ్మ కొడుకు. "ఇందుల ఏది నిజమైంది?"

ఎవరికీ తెలియలేదు. నావైపు చూడబోయి, అక్క ఉందని మానుకున్నారు.

అక్క మోకాళ్ళ మీద కూర్చుంది. వేలు తాకించకుండా, గాలిలోనే ఒక్కో గీత వెంట వేలు పోనిచ్చింది. చీమ వెంట పోయింది, బల్లి వెంట పోయింది, ఎలుక తిరిగిపోయిన చోట ఆగింది. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని పక్కింటావిడ పట్టుకోబోయింది. ఏడవడం లేదు.

"సూడు, ఒక్క పూటల అన్ని మెట్లు ఎక్కి దిగిండు. ఒక్క దాంట్ల నిలిచిండా?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేనన్నందుకు కాదు రా తమ్మీ. నేను అననప్పుడు ఏం కూసున్నడా? ఆయన గుణమే గది. పోనీ, తిరగనీ."

ఇంకా జనం వాదించుకుంటుండగానే, గోడకు ఆనించిన చాప తీసి, పిండి పక్కనే పరుచుకుని పడుకుంది. కాసేపటికి గురక వినబడింది. అందరూ గొంతులు తగ్గించుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి పోయారు.

నేను ఒక్కటి గమనించాను. పిండి అంచున ఒక వంపు గీత ఉంది, దాని మీద గళ్ళు గళ్ళుగా అచ్చు. ముమ్మాటికీ టైరు అచ్చు. బయటికొచ్చి చెబితే గంప అంచు తగిలి ఉంటుందన్నారు. నేను ఆ గంపను అమ్రాబాద్ నుంచి మోసుకొచ్చినవాణ్ణి. గంప అంచుకు గళ్ళుంటాయా?

అక్క ఇప్పుడు బాగానే ఉంది. తింటుంది, కూర్చుంటుంది, పత్తి ఏరడానికి కూలీలను పిలుచుకుంటుంది. బండి చప్పుడు వినబడితే తల కూడా తిప్పదు. ఆ జబ్బు నాకు పట్టుకుంది. దుకాణంలో తూకం వేస్తూ లేచి రోడ్డు మీదికి వస్తాను. తాళంచెవి ఆమె అడగలేదు, నేను ఇవ్వలేదు. పనేమీ లేకుండా పెబ్బేరు దాకా పోయి వస్తున్నాను.

గంప మాత్రం అక్క ఇంట్లో ఉండడం లేదు. ఎవరింట్లో దినాలైనా వచ్చి తీసుకుపోతున్నారు. ఊళ్ళో మళ్ళీ పిచ్చుకలూ బల్లులూ మొదలయ్యాయి. ఘణపూర్ పెద్దాయన ఎదురైతే, "ఏంది రా, మీ ఊరంత మల్ల కిందికి దిగుతుండ్రంట?" అని నన్ను నిలదీశాడు.

మొన్న వెళ్ళినప్పుడు అక్కను అడిగాను. "నేను పోతే నాకు ఏది పెడ్తవ్ అక్కా? గంపనా, టబ్బా?"

ఆమె పత్తి గింజ ఒలుస్తూ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"నీకేంటికి రా రెండూ? నువ్వు ఏ అడుగు ఏసిపోయినా ఎవలు నమ్ముతరు?"